ఆకాశంలో ఎనిమిది తెల్ల చారలు: ఇంట్లో కడిగిన ఫిల్మ్ మీద గీతలు ఎక్కడి నుంచి వస్తాయి

ముందుగా మీ ప్రశ్నను ఒకసారి చెప్పుకుందాం. జనవరిలో మీరు విజయవాడలో ఇంట్లోనే కడిగిన రెండు హెచ్‌పీ5 ప్లస్ (ఇల్ఫర్డ్ కంపెనీ నలుపు తెలుపు ఫిల్మ్) రోల్స్ శుభ్రంగా వచ్చాయి. మే నెలలో అదే కెమెరాతో తీసి, అదే ట్యాంకులో (వెలుతురు చొరకుండా ఫిల్మ్ కడిగే డబ్బా), అదే ఐడీ-11 డెవలపర్‌తో (ఫిల్మ్ మీద బొమ్మను బయటికి తెచ్చే రసాయనం) కడిగిన రోల్‌లో మాత్రం ప్రకాశం బ్యారేజీ ఫోటోలన్నిటిలోనూ ఆకాశం నిండా తెల్లటి చారలు పడ్డాయి. పై అంచు నుంచి కిందికి దిగుతున్నాయి, కింది అంచు నుంచి పైకి కూడా కాస్త ఎక్కుతున్నాయి. నీళ్లు 28 డిగ్రీలున్నాయి కాబట్టి యాప్ చెప్పినట్టు మూడున్నర నిమిషాలే డెవలప్ చేశారు. ఎక్కడా మరకలు పడకూడదని ట్యాంకును ఆపకుండా ఊపుతూనే ఉన్నారు. కెమెరా వెనక తలుపు దగ్గర లైట్ లీక్ (లోపలికి వెలుతురు చొరబడే సందు) ఉందేమోనని అనుమానం, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలా అని అడిగారు.

వద్దు, ఇప్పుడే తీసుకెళ్లకండి. మీరు రాసిన వివరాల్లోనే జవాబు చాలావరకు ఉంది. అయినా నా మాట నమ్మి ఊరుకోకుండా మీరే నెగటివ్ చూసి తేల్చుకోవాలి. అది ఎలాగో చెబుతాను.

స్కాన్ చేసిన బొమ్మను పక్కన పెట్టండి. ఫోన్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, దాని మీద నెగటివ్ ఉంచి, భూతద్దంతో చూడండి. స్కానర్ మామూలుగా ఫ్రేమ్ వరకే కత్తిరించి చూపిస్తుంది, మనకు కావలసిన సాక్ష్యం ఆ ఫ్రేమ్ బయట ఉంటుంది. చార ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఫిల్మ్ అంచుల వెంట ఉండే చిల్లుల దగ్గర ఏం జరిగింది, రెండు ఫ్రేముల మధ్య ఖాళీలో ఏముంది అన్నది చూడాలి. నేను ముప్పై ఏళ్లకు పైగా ఫిల్మ్ కడుగుతున్నాను. గీతల గురించి ఎవరు అడిగినా నేను మొదట అడిగేది నెగటివ్ అంచులతో సహా చూపించమనే.

మొదటి పరీక్ష, చారల మధ్య దూరం. 35 ఎంఎం ఫిల్మ్‌లో ఒక చిల్లు నుంచి పక్క చిల్లుకు 4.75 మిల్లీమీటర్లు. ఒక ఫ్రేముకు ఒక్కో అంచున ఎనిమిది చిల్లులు వస్తాయి. మీ ఆకాశంలో చారలు లెక్కపెట్టండి. ఎనిమిది ఉండి, ఒక్కొక్కటీ ఒక్కో చిల్లుకు ఎదురుగా మొదలవుతుంటే అవి చిల్లుల వల్ల వచ్చినవే. నిలువుగా పట్టుకుని తీసిన ఫోటోలు ఆ రోల్‌లో ఉంటే వాటినీ చూడండి. వాటిలో చారలు కుడి ఎడమల నుంచి రావాలి.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. ఆ చార నెగటివ్‌లో చుట్టుపక్కల కంటే నల్లగా ఉందా, పల్చగా ఉందా? మీ పాజిటివ్‌లో, అంటే ఫోటోలో, తెల్లగా ఉందంటే నెగటివ్‌లో నల్లగా ఉన్నట్టే, అంటే బొమ్మను ఏర్పరిచే వెండి అక్కడ ఎక్కువ చేరింది. దానికి రెండే దారులు. అక్కడ వెలుతురు ఎక్కువ పడి ఉండాలి, లేదా అక్కడ డెవలపర్ ఎక్కువ పనిచేసి ఉండాలి.

ఈ రెంటినీ విడదీసేది మూడో పరీక్ష. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఉన్న సన్నని ఖాళీ చూడండి. దానికి కెమెరాలో వెలుతురు తగలలేదు. లైట్ లీక్ అయితే ఆ ఖాళీలో కూడా నలుపు పాకుతుంది, చిల్లుల చుట్టూ మసి పూసినట్టు ఉంటుంది, ఒక్కోసారి చుట్టిన ఫిల్మ్ పక్క పొరలోని చిల్లు ఆకారమే ముద్రలా పడుతుంది. డెవలపర్ ఎక్కువ పనిచేయడం వల్ల వచ్చిన చార అయితే ఖాళీలో దాదాపు ఏమీ కనిపించదు. వెలుతురు తగలని చోట డెవలపర్ ఎంత పరుగెత్తినా నల్లబరచడానికి అక్కడ ఏముంది? మీ ఫ్రేముల మధ్య ఖాళీ శుభ్రంగా ఉంటే కెమెరా నిర్దోషి.

నా అంచనా ప్రకారం అది శుభ్రంగానే ఉంటుంది. ఎందుకంటే మీరు చెప్పినవి మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి: వేడి నీళ్లు, తక్కువ సమయం, ఆపకుండా ఊపడం. వీటిని ఇంగ్లిష్‌లో సర్జ్ మార్క్స్ అంటారు. ట్యాంకును గట్టిగా ఊపినప్పుడు డెవలపర్ స్పైరల్ (ట్యాంకులో ఫిల్మ్ చుట్టే చక్రం) పొరల మధ్య మెల్లగా కదలదు. చిల్లుల్లోంచి చిన్న చిన్న ధారలుగా దూసుకెళుతుంది. ధార తగిలిన చోట వాడిపోయిన డెవలపర్ వెంటనే తొలగిపోయి తాజాది చేరుతుంది, అక్కడ వెండి ఎక్కువ తయారవుతుంది. రెండు చిల్లుల మధ్య ఉన్న చోటుకు ఆ వేగం అందదు. ఆపకుండా ఊపితే మొదటి సెకను నుంచి చివరి సెకను వరకు అదే చోట అదే ధార తగులుతూనే ఉంటుంది.

దీనికి తోడు మూడున్నర నిమిషాలు. ఇక్కడ చిన్న లెక్క చూడండి. డెవలపర్ పోయడానికి మీకు 15 సెకన్లు పట్టిందనుకుందాం. ట్యాంకు అడుగున ఉన్న ఫిల్మ్ అంచు పై అంచు కంటే అంతసేపు ముందు తడుస్తుంది. మొత్తం 210 సెకన్ల పనిలో 15 సెకన్లంటే 7 శాతం తేడా. అదే 9 నిమిషాల పనిలో అయితే 3 శాతం కూడా కాదు. సమయం తగ్గేకొద్దీ చేతి పొరపాట్లన్నీ పెద్దవై కనిపిస్తాయి. అందుకే డెవలప్‌మెంట్ సమయం 5 నిమిషాల కంటే తగ్గకుండా చూసుకోమని పాతవాళ్లు చెబుతారు. యాప్ చెప్పిన లెక్క తప్పు కాదు. ఐడీ-11 స్టాక్‌లో (నీళ్లతో పల్చన చేయని డెవలపర్‌లో) హెచ్‌పీ5 ప్లస్‌కు 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు, డిగ్రీకి సుమారు పది శాతం తగ్గిస్తూ పోతే 28 దగ్గర మూడున్నర నిమిషాల ప్రాంతానికి వస్తుంది. లెక్క సరిపోయినంత మాత్రాన ఫిల్మ్ అంతటా సమానంగా డెవలప్ కాదు.

జనవరిలో మీ మేడ మీద ట్యాంకు నీళ్లు చల్లగా ఉన్నాయి, సమయం ఎక్కువ దొరికింది, మీ ఊపుడు దెబ్బ కనిపించలేదు. బహుశా ఆ రోల్స్‌లో ఇంత విశాలమైన ఆకాశం కూడా ఉండి ఉండదు. జనం, చెట్లు, ఇళ్ల గోడలు ఉన్న ఫోటోల్లో ఈ చారలు ఉన్నా కంటికి దొరకవు. ఒకే బూడిద రంగు పరుచుకున్న చోటే అవి బయటపడతాయి.

ఇదే తప్పు నేనూ చేశాను. 1989 వేసవిలో రాజమండ్రిలో ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్నప్పుడు, ఒక పెళ్లి తాలూకు నలుపు తెలుపు రోల్ నా చేతికి ఇచ్చారు. బాగా రావాలన్న తాపత్రయంతో ట్యాంకును ఆపకుండా ఊపాను. తెల్లటి షామియానా ముందు నిలబెట్టి తీసిన గ్రూప్ ఫోటోలన్నిటిలో షామియానా మీద చారలు పడ్డాయి. మా గురువుగారు కోప్పడలేదు. నెగటివ్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకుని చిల్లులు లెక్కపెట్టమన్నారు. లెక్కపెట్టాక అర్థమైంది. ఆ ఫోటోలు మళ్లీ తీయడానికి లేదు, ఆ కుటుంబానికి అవే మిగిలాయి. ఇప్పటికీ ట్యాంకు చేతిలోకి తీసుకుంటే ఆ షామియానా గుర్తొస్తుంది.

ఇక దిద్దుబాటు. నీళ్ల వేడి ముందు తగ్గించండి. 20కే రావాలని పంతం పట్టక్కర్లేదు, మే నెల విజయవాడలో 24 చాలు. కుండ నీళ్లు కొంత సాయం చేస్తాయి, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు కుండ కూడా పెద్దగా చల్లబడదు, కాబట్టి థర్మామీటర్ పెట్టి చూడండి. ఐస్ ముక్కలు నేరుగా డెవలపర్‌లో వేయకండి, పల్చబడిపోతుంది. పెద్ద టబ్బులో నీళ్లు పోసి, ఐస్ వేసి, డెవలపర్, ఫిక్సర్ (డెవలప్ అయ్యాక బొమ్మను స్థిరపరిచే రసాయనం) సీసాలను అందులో నిలబెట్టండి. కడిగే నీళ్ల బకెట్‌కు కూడా దగ్గరగా అదే వేడి ఉండాలి. డెవలపర్ 24లో ఉండి కడిగే నీళ్లు 34లో ఉంటే మెత్తబడిన ఎమల్షన్‌కు (ఫిల్మ్ మీద బొమ్మ ఉండే పూతకు) మంచిది కాదు.

రెండోది, స్టాక్ బదులు ఐడీ-11ను సగానికి సగం నీళ్లతో పల్చన చేసి వాడండి. అలా వాడితే హెచ్‌పీ5 ప్లస్‌కు 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర తొమ్మిది నిమిషాలకు కాస్త తక్కువ. మీ సమస్యలో సగం ఈ ఒక్క మార్పుతోనే పోతుంది. పల్చన చేసిన డెవలపర్‌ను ఒకసారి వాడి పారేయాలి, సీసాలోకి తిరిగి పోయకూడదు.

మూడోది కదపడం. ఇల్ఫర్డ్ చెప్పే పద్ధతి సులువు: మొదటి 10 సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేయడం, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో 10 సెకన్లలో మళ్లీ నాలుగుసార్లు. అంటే ఒక్కోసారి తిప్పి నిలబెట్టడానికి రెండున్నర సెకన్లు. మనసులో "ఒకటి, రెండు" అనుకుంటూ తిప్పితే సరిపోతుంది. మజ్జిగ చిలికినట్టు కాదు, నిండు చెంబును జాగ్రత్తగా వంచినట్టు ఉండాలి. తిప్పేటప్పుడు ట్యాంకును మణికట్టుతో కొంచెం పక్కకు కూడా తిప్పండి, ప్రతిసారీ ద్రవం ఒకే దారిలో పడదు. ప్రతి విడత తర్వాత ట్యాంకును బల్ల మీద రెండుసార్లు తట్టండి, గాలి బుడగలు ఊడిపోతాయి. బుడగ అతుక్కున్న చోట నెగటివ్‌లో గుండ్రటి తెల్ల చుక్క, ఫోటోలో నల్ల చుక్క పడుతుంది. ట్యాంకుతో పాటు వచ్చే తిప్పుడు పుల్ల ఒక్కదానినే నమ్ముకోకండి. అది ద్రవాన్ని ఒకే చుట్టుగా తిప్పుతుంది.

మీరు రాయని వివరం ఒకటి ఉంది, ఎంత డెవలపర్ పోస్తున్నారు? రెండు స్పైరల్స్ పట్టే ప్యాటర్సన్ ట్యాంకులో ఒక్క 35 ఎంఎం రోల్ పెట్టి 290 మిల్లీలీటర్లు పోస్తే కొలత ప్రకారం సరిపోతుంది. కానీ తలకిందులు చేసినప్పుడల్లా ఖాళీ సగంలోకి ద్రవం జలపాతంలా పడి, ఫిల్మ్ మీదుగా నురగతో తిరిగొస్తుంది. పైగా స్పైరల్ మధ్య గొట్టం మీద జారి పైకి వచ్చేస్తే ఒక అంచు డెవలపర్ బయటే ఉండిపోతుంది. పైన ఖాళీ స్పైరల్ ఒకటి పెట్టి, దాదాపు 600 పోయండి. కొంచెం గాలి చోటు మాత్రం ఉండనివ్వండి, నిండా నింపితే లోపల ఏమీ కలవదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇదంతా చదివి భయపడి, వచ్చే రోల్‌ను అసలు కదపకుండా వదిలేస్తే ఇంకో రకం చారలు వస్తాయి. డెవలపర్ పనిచేసేటప్పుడు ఫిల్మ్‌లోంచి బ్రోమైడ్ బయటికి వస్తుంది. అది డెవలప్‌మెంట్‌ను అడ్డుకుంటుంది. ద్రవం నిలకడగా ఉంటే బ్రోమైడ్ బరువుకు కిందికి జారుతూ, తన దారి పొడవునా పని ఆపుకుంటూ పోతుంది. ఇవి మీ చారలకు సరిగ్గా తిరగబడి ఉంటాయి: నెగటివ్‌లో పల్చగా, ఫోటోలో నల్లగా, ఎప్పుడూ ఒకే వైపుకు. ట్యాంకులో ఫిల్మ్ అంచు మీద నిలబడి ఉంటుంది కాబట్టి, బ్రోమైడ్ పై అంచు నుంచి కింది అంచుకే జారగలదు. మీ చారలు రెండు అంచుల నుంచీ వస్తున్నాయన్నారు, అందుకే ఇది కాదని ధైర్యంగా చెబుతున్నాను. రోడినాల్‌ను ఒకటికి వంద పాళ్లు కలిపి గంటసేపు కదపకుండా వదిలేసే పద్ధతి చాలామందికి ఇష్టం. 1891 నాటి నుంచి ఉన్న గొప్ప డెవలపర్ అది, నేనూ వాడతాను. కానీ 35 ఎంఎం ఫిల్మ్‌లో ఆకాశం ఉన్న ఫోటోలకు గంటసేపు నిలకడగా వదిలేయమని నేను ఎవరికీ చెప్పను.

మీ నెగటివ్‌లో మూడు పరీక్షలూ నా అంచనాకు విరుద్ధంగా వస్తే ఏమిటన్నది కూడా చెబుతాను, మళ్లీ వెతుక్కోనవసరం లేకుండా.

ఫ్రేముల మధ్య ఖాళీ కూడా నల్లబడి ఉంటే అది లైట్ లీక్. 1970, 80ల నాటి జపాన్ కెమెరాల వెనక తలుపు గాడిలో నురగ స్పాంజి పట్టీ ఉంటుంది. అది కాలం గడిచేకొద్దీ తారులా జిగురై రాలిపోతుంది. వేలితో తాకితే నల్లగా అంటుకుంటుంది. కొత్త పట్టీ వేయడం పెద్ద పని కాదు. కెమెరాను ఎండలో ఎక్కువసేపు వదిలేసినప్పుడు లోపల ఉన్న ఫ్రేములే ఎక్కువ పాడవడం దీని లక్షణం.

ఫిల్మ్ పొడవునా, ఫ్రేములు దాటుకుంటూ, రైలు పట్టాల్లా గీత సాగితే అది గీరుడు. క్యాసెట్ నోటి దగ్గరి వెల్వెట్‌లో ఇసుక రేణువు ఇరుక్కుని ఉండవచ్చు, లేదా ఆరబెట్టే ముందు ఫిల్మ్‌ను వేళ్లతోనో రబ్బరు పట్టుతోనో లాగి ఉండవచ్చు. తడి ఎమల్షన్ ఎంత మెత్తగా ఉంటుందో చాలామందికి తెలియదు. నేనైతే దేనితోనూ తుడవను.

పాలు పోసినట్టు మసక, లేదా పట్టీలుగా తెల్లబారి ఉంటే ఫిక్సర్ చాలలేదు. మన పాత స్టూడియోల్లో హైపో అనేవాళ్లు. దీనికి మందు ఉంది, తాజా ఫిక్సర్‌లో వెలుతురులోనే మళ్లీ వేసి కడిగితే చాలు. ఇకపై ప్రతి రోల్‌కు ముందు ఫిల్మ్ మొదట్లో కత్తిరించిన ముక్కను ఫిక్సర్‌లో వేసి, అది తేటపడటానికి ఎంతసేపు పడుతుందో చూడండి. దానికి రెట్టింపు సమయం ఫిక్స్ చేయాలి. తాజాగా కలిపినప్పటి కంటే రెట్టింపు సేపు పడుతుంటే ఆ ఫిక్సర్ పారబోయాల్సిందే.

నీటి మరకల గురించి మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి, మన ప్రాంతంలో ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. మీకు ఈసారి రాకపోయినా, బోరు నీళ్లు వాడితే రేపైనా వస్తుంది. నెగటివ్‌ను వెలుతురుకు అడ్డంగా కాకుండా, టేబుల్ లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఉపరితలం మీద సున్నం పూసినట్టు చుక్కలు, కారిన ధారలు కనిపిస్తే అది నీళ్లలోని కాల్షియం. మెరిసే వైపు ఉంటే చింత లేదు. డిస్టిల్డ్ వాటర్‌లో పది నిమిషాలు నానబెట్టి మళ్లీ ఆరబెడితే చాలావరకు పోతుంది. ఆరిన తర్వాత కూడా మిగిలితే మెరిసే వైపు మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో మెల్లగా తుడవచ్చు. మసక వైపు, అంటే ఎమల్షన్ వైపు, గుడ్డ తగలనివ్వకండి.

ఈ మరకలు రాకుండా చేసేది చివరి ముంపు. మామూలు కడుగుడు కుళాయి నీళ్లతోనే చేయండి. ఇల్ఫర్డ్ పద్ధతిలో మూడుసార్లు నీళ్లు మార్చి, 5, 10, 20 సార్లు తలకిందులు చేస్తే సరిపోతుంది, నీళ్లు కూడా ఎంతో ఆదా. చివరి ముంపు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో చేయాలి. బ్యాటరీ షాపుల్లో క్యాన్లు దొరుకుతాయి. అందులో ఫోటో-ఫ్లో (నీళ్లు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసే ద్రవం) కలిపేటప్పుడు చేయి బిగించండి. ఒకటికి రెండు వందల పాళ్లు అంటే అర లీటరుకు రెండున్నర మిల్లీలీటర్లు మాత్రమే. ఇంజెక్షన్ సిరంజితో కొలవండి. సీసా వంచి ఓ చుక్క ఎక్కువ పడితే ఏమవుతుందిలే అనుకుంటే, ఆ నురగే ఎండి జిడ్డు చారలవుతుంది. ఆ ముంపు ముందు స్పైరల్ నుంచి ఫిల్మ్ తీసేయండి, లేకపోతే స్పైరల్‌కు ఆ జిడ్డు పట్టి వచ్చే రోల్ ఎక్కించేటప్పుడు మొరాయిస్తుంది. స్నానాల గదిలో ఫ్యాను లేకుండా వేలాడదీయండి. ఫ్యాను గాలి దుమ్ము తెచ్చి అతికిస్తుంది.

మీ బ్యారేజీ ఫోటోల సంగతి. సర్జ్ మార్క్స్ నెగటివ్‌లో వెండిగానే ఉన్నాయి, ఎంత కడిగినా పోవు. ఏ రసాయనంతోనూ ప్రయత్నించకండి, ఉన్నదీ పోతుంది. స్కాన్‌లో ఎడిటింగ్‌తో ఒక్కో చారను కొంచెం ముదురు చేసుకుంటూ సరిచేయవచ్చు, ఓపిక కావాలి. చారలు అంచు దగ్గరే బలంగా ఉంటాయి కాబట్టి పైన, కింద రెండు మూడు మిల్లీమీటర్లు కత్తిరించినా చాలా ఫోటోలు బతుకుతాయి.

తర్వాతి రోల్ ముఖ్యమైన ఫోటోలకు వాడకండి. మేఘం పట్టిన రోజున ఆకాశాన్నో, నీడలో ఉన్న సాదా గోడనో ఫోకస్ తప్పించి, మీటర్ చెప్పినదాని కంటే ఒక స్టాప్ ఎక్కువిచ్చి (రెట్టింపు వెలుతురు పడేలా) రోల్ మొత్తం తీయండి. చేంజింగ్ బ్యాగులోనే (వెలుతురు చొరని సంచిలోనే) ఆ రోల్‌ను సగానికి కత్తిరించి రెండు విడతలుగా కడగండి. వాడే వరకు రెండో సగాన్ని నల్లటి ఫిల్మ్ డబ్బాలో వెలుతురు తగలకుండా ఉంచాలి. మొదటి సగం 24 డిగ్రీల్లో, పల్చటి డెవలపర్‌తో, నేను చెప్పిన పద్ధతిలో కదపండి. రెండో సగం అదే వేడి, అదే డెవలపర్, అదే సమయం, కానీ మీ పాత అలవాటు ప్రకారం ఆపకుండా ఊపండి. ఒక్కటి తప్ప మిగతావన్నీ సమానంగా ఉండాలి. ఆరాక రెండు ముక్కలనూ ఫోన్ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూడండి. రెండో దాంట్లో మాత్రమే చారలుంటే దోషి ఊపుడు. రెంటిలోనూ లేకపోతే అసలు దోషి బహుశా ఆ మూడున్నర నిమిషాలు. రెంటిలోనూ ఉంటే మాత్రం నేను పొరపడ్డట్టు. అప్పుడు చిల్లులు, అంచులు, ఫ్రేముల మధ్య ఖాళీ అన్నీ కనిపించేలా రెండు ముక్కలకూ ఫోటో తీసి పంపండి, మొదటి నుంచి మళ్లీ కలిసి చూద్దాం.